మంచినీటి చేప

మే 12, సోమవారం

బొచ్చె చేప పిల్లలు మళ్లీ చచ్చిపోయాయి. ఫ్యాక్టరీలు పరీక్షకు పంపే మురికినీళ్లు పోసిన తొట్టిలో చస్తే అది ఫలితం. పోల్చి చూసుకోవడానికి పక్కన మామూలు నీళ్లు పోసి పెట్టిన తొట్టిలో కూడా చచ్చాయి. అందులో చస్తే టెస్టు చెల్లదు, మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాలి. మా ల్యాబ్ అసిస్టెంట్ వివేక్ ఒక్కొక్కదాన్ని వలతో తీసి కవర్లో వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. జాలితో కాదు, విసుగుతో.

ఎందుకు చస్తున్నాయో నాకు తెలుసు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మేడ మీది ట్యాంకు ఎండకు కాగిపోతుంది, కరెంటు పోయినప్పుడల్లా గాలి పంపు ఆగిపోతుంది. నీళ్లు ముందు రోజే డ్రమ్ముల్లో పట్టి ఉంచాలి, పంపుకు బ్యాటరీ పెట్టాలి. ఈ రెండూ అడిగి అడిగి నా నోరు పడిపోయింది.

మా యజమాని అచ్యుతరావు గారు తలుపు దగ్గరే నిలబడి చూశారు. "ఏంటమ్మా మంజూషా, పంజాగుట్టలో శ్మశానం ఒకటి ఉండగా మనం రెండోది తెరిచామా? క్లయింట్లు వేరే ల్యాబ్ చూసుకుంటామంటున్నారండీ." కోపం వచ్చినప్పుడే ఆయన నన్ను అండీ అంటారు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది. "కొర్రమీను పిల్లల్ని పెడదాం సార్. అవి మొండివి."

ఆయన ముఖం వెలిగిపోయింది. రిపోర్టులో చేప రకం అన్న చోట మేము ఎప్పుడూ 'ఫ్రెష్ వాటర్ ఫిష్' అనే వేస్తాం కాబట్టి కాగితంలో ఏమీ మార్చక్కర్లేదు. చాలా రోజుల తర్వాత ఆయన నన్ను మెచ్చుకున్నారు. నాకు బాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఇంటికొచ్చి ఫోన్లో రిపోర్టు నమూనా చూసుకుంటుంటే మా పాప అను పక్కన చేరి అక్షరాలు కూడబలుక్కుంది. ఫ్రెష్ వాటర్ ఫిష్ అంటే ఏంటమ్మా అని అడిగింది. మంచినీటి చేప అన్నాను. "అంటే మంచినీళ్లు తాగుతదా?" అంది. మా అత్తమ్మ పడీపడీ నవ్వింది.

మే 14

చేపపిల్లలు అమ్మే కనకయ్య కొర్రమీను పిల్లల్ని తెచ్చాడు. ఆటోలో, ఎండలో, మూత పెట్టిన డబ్బాలో తెచ్చినా ఒక్కటీ చావలేదు. ఇంత సుఖం ఉండగా ఇన్నాళ్లు బొచ్చెలతో ఎందుకు చచ్చామో.

మే 19, సోమవారం

నాలుగు రోజుల టెస్టు అయిపోయింది. సి-41 శాంపిల్. ఫ్యాక్టరీ పేర్లు మా టేబుళ్ల దాకా రావు, కోడ్ మాత్రమే వస్తుంది. రెండు తొట్లలోనూ అన్నీ బతికాయి. ఆర్నెల్లలో ఇంత శుభ్రంగా వచ్చిన టెస్టు ఇదే.

వివేక్ మాత్రం తొట్టి ముందు నుంచి కదలడు. "మేడం, ఇవి ప్రతిసారీ పైకొచ్చి గాలి మింగుతున్నాయి. నీళ్లలో ఊపిరి ఆడకపోయినా వీటికి పర్లేదు కదా? మరి నీళ్లు ఎలాంటివో వీటికెలా తెలుస్తుంది?"

చేప చేపే, పోయి పీహెచ్ చూడు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను.

వాడు వెళ్లాక అద్దం మీద గోటితో కొట్టాను. మామూలు నీళ్ల తొట్టిలోవి చెల్లాచెదురయ్యాయి. సి-41 లోవి కదల్లేదు. ఒంటి మీద తెల్లటి జిగురు, తోకల అంచులు చీలికలు. మేత గుళికలు వేసినవి వేసినట్టే అడుగున ఉన్నాయి. రిపోర్టులో గడులు రెండే, బతికినవెన్ని, చచ్చినవెన్ని. తినలేదు, భయపడలేదు అని రాసే గడి లేదు.

సంతకం పెట్టాను. టెక్నికల్ మేనేజర్‌గా నా మొదటి సంతకం. మా ఆయన రాఘవ అమీర్‌పేట నుంచి ఖుబానీ కా మీఠా తెచ్చాడు. ఇన్‌స్టిట్యూట్‌లో తను పాఠాలు చెప్పే బ్యాచ్ మళ్లీ రద్దయిందట. ఆ మాట మీఠా తిన్నాక చెప్పాడు.

మే 20

కొర్రమీను గాలి పీలుస్తుందని నాకు తెలియక కాదు. ఎమ్మెస్సీలో ఆ ప్రశ్నకు బొమ్మ కూడా గీశాను. కానీ మామూలు తొట్టిలో చేపలు బతికాయా లేదా? బతికాయి. అంటే టెస్టు చెల్లినట్టే. విషం బాగా ఉంటే కొర్రమీనైనా చస్తుంది. చావలేదంటే అంత విషం లేదనే.

ఇది పుస్తకంలో ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

మే 22

వివేక్ ఈ రోజు నాతో మాట్లాడలేదు. పని ఉంది కాబోలు.

మే 25, ఆదివారం

పొద్దున ఐలయ్య చిన్నాయిన ఫోన్ చేశాడు. మా అత్తమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఈదులకుంట చెరువులో చేపలు పట్టే సొసైటీలో పెద్దమనిషి. అత్తమ్మకు చెవి సరిగా వినపడదు, అందుకని ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే.

"అక్కా, బిడ్డ ఉన్నదా? బిడ్డా మంజూషా, నీ పేరు మా ఈదులకుంట దాక వచ్చింది!"

"నా పేరేంది చిన్నాయినా?"

"గా మందుల ఫ్యాక్టరోళ్లు మురికినీళ్లు మా చెరువులకు ఇడుస్తున్నరని మేము కంప్లైంటు పెట్టినం గద. మొన్న మీటింగుకు వచ్చి కాయితం చూపిచ్చిండ్రు. చేపలను ఏసి పరీక్ష చేయిచ్చినం, ఒక్కటి సుత సావలేదని. అంత ఇంగ్లీషే. మా సురేందర్ సదివిండు. కింద చూస్తె నీ పేరు, నీ సంతకం. నేను లేచి నిలబడ్డ. గీమె మా అక్క కోడలు, మా బిడ్డ, చేపల సదువే సదివింది, అబద్ధం రాయదు అన్న. గంతే. అందరు కంప్లైంటు వాపస్ తీసుకున్నరు."

అత్తమ్మ నా వైపు చూసి మెటికలు విరిచింది.

"బొచ్చెలు, రవ్వులు రెండేండ్ల సంది పడ్తనే లేవు," అంటున్నాడు చిన్నాయిన. "గని కొర్రమట్ట మాత్రం మస్తు పడ్తున్నది. మా చెరువుకు అదృష్టం పట్టింది. మిరుగం నాడు మీకు తెచ్చిస్త. బతికినవి తెస్త, అను చూస్తది."

కొర్రమట్ట అన్నా కొర్రమీనన్నా ఒకటే. మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, ఆ రోజు ఇంటింటా చేప తినాల్సిందే.

సరే చిన్నాయినా అన్నాను. ఇప్పటిదాకా నా సంతకం ఉన్న రిపోర్టు ఒక్కటే. సి-41 అంటే ఈదులకుంట.

బొచ్చెలు లేవు, రవ్వులు లేవు, గాలి పీల్చే చేప ఒక్కటే మిగిలింది. నా తొట్టిలో నాలుగు రోజుల్లో జరిగిందే అక్కడ రెండేళ్లుగా జరుగుతోంది. వాళ్లు దాన్ని అదృష్టం అనుకుంటున్నారు.

మే 26

నాకు తెలియదు. కోడ్ మాత్రమే వస్తుంది. నాకు తెలియదు.

మే 28, బుధవారం

సి-41లో మిగిలిన నీళ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నిన్న నా సొంతంగా డ్రమ్ములో నీళ్లు పట్టి ఉంచాను. రాఘవ బైకు పాత బ్యాటరీ పంపుకు తగిలించాను. అదేమీ పెద్ద కష్టం కాలేదు. పొద్దున రెండు తొట్లలో బొచ్చె పిల్లల్ని వదిలాను. వివేక్ అడక్కుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు.

సి-41లోవి మొదట గిరగిరా తిరిగాయి. తర్వాత నోళ్లు తెరిచి పైకొచ్చాయి. పైకొస్తే ఏం లాభం, వాటికి గాలి పీల్చడం రాదు. భోజనాల వేళకు సగం పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. నేను టిఫిన్ డబ్బా విప్పి అలాగే మూత పెట్టేశాను. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. ఒకదాన్ని కోసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన మొప్పలు ఇటుకపొడి రంగులో, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

మామూలు నీళ్లలోవి అన్నీ ఈదుతున్నాయి, ఎండాకాలమైనా, నల్లా నీళ్లయినా. అంటే తప్పు బొచ్చెలది ఎప్పుడూ కాదు.

"మేడం, రిపోర్టు?" అన్నాడు వివేక్. సార్‌తో మాట్లాడతానని చెప్పాను.

మే 30

మాట్లాడాను. అచ్యుతరావు గారు ముందు టీ తెప్పించారు. టీ తెప్పించారంటే మాట వినరని అర్థం.

"ఎవరడిగారమ్మా ఈ టెస్టు?"

"ఎవరూ అడగలేదు సార్. ఆ రిపోర్టు తప్పు సార్. మనం వాడింది కొర్రమీను."

"చేపని వాడాలన్నారు, చేపని వాడాం. కొర్రమీను చేప కాదా? మంచినీటి చేప కాదా?"

"మంచినీటి చేపే సార్. కానీ..."

"ఆ ఐడియా ఎవరిది?"

టీ గ్లాసు అందుకున్నాను.

"నీదే కదా. సంతకం ఎవరిది? అదీ నీదే. ఇప్పుడు రిపోర్టు తప్పని మనమే అంటే నీ పేరు ఎవరూ మర్చిపోరు. ఇంకో ల్యాబ్‌లో గేటు దగ్గరే ఆపేస్తారు. మీ ఆయనకి కూడా క్లాసుల్లేవంటున్నావు. నా కూతురు లాంటిదానివని చెబుతున్నాను. ఇకనుంచి బొచ్చెలే వాడదాం, బ్యాటరీ కొనేద్దాం. అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్."

చెడ్డవాడు కాదు. పోయినేడు అనుకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రికి ఆయనే కారు పంపారు. అందుకే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు.

టీ తాగి వచ్చేశాను.

మే 31

ఫ్యాక్టరీకి, కాలుష్య నియంత్రణ బోర్డుకి, సార్‌కి కలిపి మెయిల్ రాశాను. కొర్రమీను వాడామని, అది గాలి పీల్చే చేప కాబట్టి ఆ ఫలితం చెల్లదని, బొచ్చెలతో చేస్తే అన్నీ చచ్చాయని. చిన్న మెయిలే. సోమవారం పంపిస్తాను.

జూన్ 1

రాఘవకు చెప్పాను. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ విన్నాడు.

"చిన్న తప్పు కాదు గద మంజూ," అన్నాడు. మళ్లీ తనే, "జర ఆగు. నాకు కొత్త బ్యాచ్ దొరకనీ. జూలైల దొరుకుతదంటున్నరు. అప్పుడు పంపు," అన్నాడు.

"మిరుగం ఎనిమిదో తారీఖున. మీ మామ చేపలు తెస్తాడు."

"ఒక్కపూట తింటె ఏమైతది?"

అనూకి కూడానా అన్నాను. క్లిప్పులు పెట్టడం ఆపేశాడు.

జూన్ 2

సోమవారమే, కానీ రాష్ట్రావతరణ, సెలవు. సెలవు రోజున మెయిల్ ఎవరు చూస్తారు?

జూన్ 3

డ్రాఫ్టులో ఉంది.

జూన్ 5

పర్యావరణ దినోత్సవం. సార్ అందరికీ తలా ఒక తులసి మొక్క ఇచ్చారు. నాతో నవ్వుతూ ఫోటో దిగారు. నేనూ నవ్వాను. ఫోటోలో బాగానే పడ్డాను.

డ్రాఫ్టులో ఉంది. రెండో పేరాలో ఒక వాక్యం బాగాలేదు, మార్చాను.

జూన్ 6

మెట్రోలో నా ఎదుట కూర్చున్నావిడ ఒళ్లో చేపల కవర్ పెట్టుకుని ఉంది. తోక ఒకటి బయటికి కనిపిస్తోంది. నా స్టేషన్ రాకముందే దిగిపోయాను.

ఇంట్లో అత్తమ్మ అల్లం వెల్లుల్లి వలుస్తోంది. ఈసారి చేపలు బజార్లో కొందాం అత్తమ్మా అన్నాను.

"ఇంటి చేప ఉండంగ బజారుదెందుకే? మా తమ్ముడు బతికినవి తెస్తుండు. బతికిన చేప కంటె మంచిది ఏమున్నది?"

"అనుకు చేపలు పెట్టొద్దని డాక్టర్ చెప్పిండు అత్తమ్మా."

"ఏ డాక్టరు? మిరుగం నాడు చేప వద్దన్నోడు డాక్టరెట్లయిండు?" అని తిట్టి, తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "చేప ముట్టనోళ్లు ఇంగువ, బెల్లం మింగుతరు బిడ్డా. మనకేం కర్మ? మేము చేపలు పట్టేటోళ్లం. నేను పుట్టినకాంచి మా ఇంట్ల చేప కూర లేని మిరుగం లేదు."

చెప్పేసి ఉండాల్సింది. ఆమె వెల్లుల్లి వలుస్తూనే ఉంది. నేను వెళ్లి అను బట్టలు ఇస్త్రీ చేశాను.

జూన్ 7

డ్రాఫ్టులో ఉంది. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

జూన్ 8, ఆదివారం, మిరుగం

అందరూ పడుకున్నారు. మధ్యాహ్నమే ఇంకా. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లారుతూనే కింద హారన్ వినిపించింది. బాల్కనీలోంచి చూస్తే సొసైటీ వ్యాన్. వెనక నీలం టబ్బులు నిండుగా, పైన తడి గోనెలు. సురేందర్ నడుపుతున్నాడు, చిన్నాయిన కొడుకు. ఎస్.ఆర్. నగర్‌లో మాకిచ్చి అటునుంచి అటే బజారుకు పోవాలని వచ్చారు. ఏడాది మొత్తంలో చేపకు గిరాకీ ఉండే రోజు ఇదొక్కటే.

చిన్నాయిన బకెట్ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముఖమంతా నవ్వే. "ఏదీ నా మనుమరాలు? చూడు బిడ్డా, ఎట్ల బతికున్నదో!"

పెద్ద కొర్రమీను. నల్లగా, బకెట్ అడుగున చుట్ట చుట్టుకుని ఉంది. అను పరుగెత్తి వెళ్లి గుప్పెడు బొరుగులు తెచ్చి నీళ్లలో చల్లింది. చేప కదల్లేదు. అను బకెట్‌ను చేత్తో కొట్టింది. అప్పుడూ కదల్లేదు. కాసేపటికి ముక్కు పైకి పెట్టి గాలి ఒకసారి మింగి మళ్లీ కిందికి దిగింది.

"తింటలేదమ్మా," అంది అను. "భయపడ్తలేదు కూడా."

ఒంటి మీద తెల్లటి జిగురు. తోక అంచు చీలికలు. కొర్రమీనుకు జిగురు మామూలే, అందుకే అత్తమ్మ తోమడానికి ఉప్పు, బూడిద ముందే పళ్లెంలో పెట్టుకుని ఉంది. పొయ్యి మీద నూనె కాగుతోంది. సురేందర్ కూడా పైకొచ్చి చాయ్ అందుకున్నాడు. "జల్ది బాపూ, బేరం పోతది," అంటున్నాడు.

అత్తమ్మ బకెట్‌లో చెయ్యి పెట్టబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. అత్తగారి చెయ్యి అలా పట్టుకోవడం ఈ ఏడేళ్లలో ఎప్పుడూ లేదు.

"వద్దత్తమ్మా. దీన్ని తినొద్దు."

"ఏమైందే నీకు?"

"చిన్నాయినా, నేను పెట్టిన సంతకం తప్పు."

నవ్వు ఆయన ముఖం మీద ఇంకా అలాగే ఉంది. అర్థం కాలేదు. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. ఫ్యాక్టరీ నీళ్లలో మేము వేసిన చేపలు చావలేదన్నది నిజమే, కానీ మేము వేసింది కొర్రమట్ట పిల్లల్ని అని.

"కొర్రమట్టతోనా?" అన్నాడు చిన్నాయిన. అంతే అన్నాడు.

"తర్వాత బొచ్చెలతో చేసిన. సాయంత్రానికి ఒక్కటి మిగల్లేదు. మీ చెరువుల బొచ్చెలు అందుకే లేవు. అదృష్టం కాదు చిన్నాయినా. మిగతా చేపలన్నీ పోయినయి. ఇవి చావక బతుకుతున్నయి, గంతే."

"తింటె సస్తరా?" అత్తమ్మ అడిగింది.

"ఇయ్యాలే చావరత్తమ్మా. ఎప్పటికి ఏమైతదో నాకు తెల్వదు. తెల్వనిది అనుకు పెట్టలేను."

సురేందర్ గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, బొచ్చెలతోని ఎప్పుడు చేసినవ్?"

"పోయిన నెలాఖర్ల."

"అంటే ఇన్ని రోజుల సంది నీకు తెలుసు. ఫోన్ చెయ్యలే. ఇప్పుడు, బండి నింపినంక, బజారుకు పోయే తొవ్వల చెప్తున్నవ్." గ్లాసును పక్కకు తోశాడు. "సొసైటీల అరవై ఇండ్లు ఉన్నయక్కా. మీ సంతకం చూపిచ్చిండ్రు. మా బాపు లేచి నిలబడ్డడు. నీ పేరు చెప్పి నిలబడ్డడు!"

నా దగ్గర ఏముంది చెప్పడానికి? మెయిల్ డ్రాఫ్టులో ఉందని చెప్పనా? ఏడిచాను. వాడు నా ఏడుపు చూడలేదు, మెట్లు దిగి వెళ్లిపోయాడు. వ్యాన్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. మలుపు తిరిగితే బజారు దారి.

చిన్నాయిన ఒక్క అంగలో బాల్కనీలోకి వెళ్లాడు. కేకేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. పిట్టగోడ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. కింద వ్యాన్ కదలకుండా చాలాసేపు ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. తండ్రి పైనుంచి చూస్తున్నాడు, కొడుకు కిందినుంచి చూస్తున్నాడు. చివరికి చిన్నాయిన తల అడ్డంగా ఊపాడు. వ్యాన్ వెనక్కి మళ్లి, వచ్చిన దారినే పోయింది. టబ్బుల మీది తడి గోనెల నీళ్లు రోడ్డు పొడుగునా చారలా పడ్డాయి.

ఆయన లోపలికొచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఇంతకుముందు ఎప్పుడు వచ్చినా కుర్చీలో కూర్చునేవాడు.

అత్తమ్మ పొయ్యి ఆర్పింది. నూరిన మసాలా మీద పళ్లెం బోర్లించింది. పై అర మీది ఇంగువ డబ్బా నన్ను దించమంది. ఎన్నడూ తీయని డబ్బా, మూత బిగుసుకుపోయి ఉంది. చెంచా వెనకతో కొట్టి తీసి, ఇంగువ కొంచెం బెల్లంలో కలిపి చిన్న ఉండలు చేసింది. ముందు రాఘవ చెయ్యి చాచాడు. పొద్దుటి నుంచి నా ముఖం చూడనివాడు, ఉండ నోట్లో వేసుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు. అను తిని ముఖం ముడిచింది.

చిన్నాయిన ఉండను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. "నా పుట్కల మిరుగం నాడు గిది నోట్లె పెట్టలే అక్కా," అన్నాడు. తర్వాత మింగాడు. నీళ్లు తాగలేదు.

వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ అన్నాడు. "బిడ్డా, నీ కోసం నేను లేచి నిలబడ్డ. రేపు సాయంత్రం పొద్దుమూకంగ సొసైటీకి నువ్వు రావాలె. నేను కూసుంట. నువ్వు నిలబడు."

వస్తానన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టలేదు. ఎప్పుడూ పెట్టి వెళ్తాడు.

బకెట్ మాత్రం వదిలేసి వెళ్లాడు. చంపొద్దని అను పట్టుకుని కూర్చుంది. "నల్లా నీళ్లు వద్దమ్మా. అది మంచినీటి చేప కద, మంచినీళ్లు పొయ్యి," అంది. పెద్ద టబ్బులో మంచినీళ్ల క్యాన్ మొత్తం వంచి, చేపను అందులోకి మార్చాను. అను బొరుగులు మళ్లీ చల్లింది.

జూన్ 9, సోమవారం

పొద్దున ల్యాబ్‌కు వచ్చీ రాగానే మెయిల్ పంపాను. రెండో పేరాలో బాగాలేని వాక్యం అలాగే ఉంది. దానికి జతచేసిన రిపోర్టులో చేప రకం దగ్గర 'ఫ్రెష్ వాటర్ ఫిష్' తీసేసి 'కొర్రమీను, గాలి పీల్చే చేప' అని పెట్టాను. అచ్యుతరావు గారు గదిలోకి పిలిచారు. టీ తెప్పించలేదు. "ఎంత పని చేశారండీ," అన్నారు. సాయంత్రంలోగా టేబుల్ ఖాళీ చేయమన్నారు. వివేక్ నా సామాను అట్టపెట్టెలో సర్దుతున్నాడు, తులసి మొక్క కూడా పెట్టాడు. భయంగా ఉంది. భయంగానే ఉంది, కానీ పొద్దున అన్నం తినగలిగాను.

ఇందాక చిన్నాయిన ఫోన్ చేశాడు. సొసైటీకి ఎట్ల రావాలో, ఏ బస్సు ఎక్కాలో చెప్పాడు. గొంతులో కోపం లేదు, పాత ప్రేమ కూడా లేదు. పెట్టేసే ముందు అడిగాడు.

"చేప ఎట్లున్నది బిడ్డా?"

చెప్పాలనిపించలేదు. చెప్పాను. తెల్లారి లేచేసరికి చచ్చిపోయి ఉంది. అను నిద్ర లేవకముందే తీశాను. బొరుగులు ఉబ్బి నీళ్ల మీద అలాగే తేలుతున్నాయి, ఒక్కటీ తినలేదు.

"ఏ నీళ్లల పెట్టినవ్?"

"మంచినీళ్లలనే చిన్నాయినా. మేము తాగే నీళ్లల."

ఫోన్లో ఎవరో వల దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అయితే అది సుత రాయి," అన్నాడు. "బతికినవని రాసినవ్ గద. అటెన్క ఏమైందో సుత రాయి."

రాస్తున్నాను.